మనం పుట్టని రాష్ట్రం చరిత్ర

ప్రశ్న: పదకొండేళ్లు ఆంధ్రాలో ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పాను. ఉపాధ్యాయుల మార్పిడి కార్యక్రమం కింద ఈ ఆగస్టులో నార్త్ కరోలినాలోని ఒక చిన్న ఊరికి వచ్చాను. నాలుగో తరగతి ఇచ్చారు. ఇక్కడ ఆ తరగతిలో సాంఘిక శాస్త్రం అంటే ప్రధానంగా ఈ రాష్ట్ర చరిత్రేనట: ఆదివాసులు, రోనోక్ వలస, ఇంగ్లండ్ పాలన, విప్లవం. బోస్టన్ టీ పార్టీ, జార్జి వాషింగ్టన్ మినహా నాకేమీ తెలియదు. పాఠ్యపుస్తకం లేదు. ఆన్‌లైన్‌లో వెతుక్కోమన్నారు. వెతికితే వేలకొద్దీ వర్క్‌షీట్లు కనబడుతున్నాయి, చాలావాటికి డబ్బు కట్టాలి. పిల్లలకు తప్పు చెబుతానేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక ఉపాధ్యాయిని, నార్త్ కరోలినా

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. 2001 ఆగస్టులో ఇదే రాష్ట్రంలో, ఇదే నాలుగో తరగతి గదిలో మొదటిసారి నిలబడినప్పుడు నా పరిస్థితీ ఇదే. ఇరవై రెండేళ్లు ఆ తరగతే చెప్పి విరమించాను. మీరు రాసినవాటిలో తప్పు చెబుతానేమోనన్న భయం నాకు బాగా నచ్చింది. దాన్ని వదులుకోకండి. "ఇది నిజమని మనకెలా తెలుసు?" అన్న ప్రశ్నగా మార్చి పిల్లలకు అందించండి. తొమ్మిదేళ్ల పిల్లలు ఆ ప్రశ్నను ఎంత ఇష్టంగా పట్టుకుంటారో చూసి మీరే ఆశ్చర్యపోతారు.

వర్క్‌షీట్ల వేట ఈ వారం ఆపేయండి. నాలుగో తరగతి సాంఘిక శాస్త్రంలో ఏమేమి నేర్పాలో రాష్ట్ర విద్యాశాఖ ప్రమాణాలు ప్రచురించింది. ఒక్కొక్క ప్రమాణాన్నీ విడమరిచి చెప్పే పత్రం కూడా ఉంది, ఇక్కడి ఉపాధ్యాయులు దాన్ని అన్‌ప్యాకింగ్ డాక్యుమెంట్ అంటారు. అది అచ్చు తీసి బల్ల మీద పెట్టుకోండి. ఏ వారం ఏ పాఠమో చెప్పే పేసింగ్ గైడ్ మీ జిల్లా ఇచ్చి ఉంటే అది దాని పక్కన ఉండాలి. కొత్తగా వచ్చిన టీచర్ ఏం చెప్పాలా అని కంగారుపడుతుంది కానీ, ఏం వదిలేయవచ్చో తెలిస్తేనే ఆమెకు ఊపిరి ఆడుతుంది. అది ఆ పత్రాల్లోనే తెలుస్తుంది.

ఇక మీ స్వంత చదువుకు ఎన్‌సీపీడియా. రాష్ట్ర గ్రంథాలయం నడిపే ఉచిత విజ్ఞాన సర్వస్వం అది. అందులోనే యాంకర్ అనే భాగం ఉంది, రాష్ట్ర చరిత్రకు ఆన్‌లైన్ పాఠ్యపుస్తకం అనుకోండి. మూల పత్రాలు, వాటికి వివరణలు, బొమ్మలు కలిసి ఉంటాయి. రోజూ రాత్రి ఒక వ్యాసం చదివినా దీపావళి నాటికి మీరు తరగతి కంటే రెండు నెలలు ముందుంటారు. రాష్ట్ర చరిత్ర మ్యూజియం పిల్లల కోసం వేసే టార్ హీల్ జూనియర్ హిస్టారియన్ పత్రికలోని వ్యాసాలు కూడా అక్కడే దొరుకుతాయి. వాటిని పిల్లల చేత నేరుగా చదివించవచ్చు.

డబ్బు పెట్టి కొన్న వర్క్‌షీట్లు వద్దని ఎందుకు అంటున్నానో చెబుతాను. మొదటి ఏడాది నేను ఒక కట్ట కొన్నాను. రంగురంగుల బొమ్మలు, నీటుగా గీసిన పెట్టెలు. అందులో మన తీరప్రాంతపు ఆదివాసుల ఊరని కోసుగా పైకి లేచిన తోలు గుడారాలు వేశారు. కాపీలు తీసి పంచిపెట్టాను. లంబీ తెగ కుటుంబానికి చెందిన ఒక అమ్మాయి చెయ్యెత్తి, "మా వాళ్లు ఇలాంటి ఇళ్లలో ఉండేవాళ్లు కాదని మా నాయనమ్మ చెప్పింది" అంది. ఆ పిల్ల చెప్పిందే నిజం. ఆ గుడారాలు ఎక్కడో పడమట పెద్ద మైదానాల్లో అడవిదున్నల వెంట తిరిగిన జాతులవి. ఇక్కడి తీరంలో కర్రలు వంచి కట్టి, పైన చాపలో చెట్టు బెరడో కప్పిన పొడవాటి ఇళ్లు ఉండేవి. ఆ సాయంత్రం మా స్కూలు గ్రంథాలయం చూసుకునే మీడియా కోఆర్డినేటర్ దగ్గరికి వెళ్లి, ఇళ్లు నిజంగా ఎలా ఉండేవో చూపించే బొమ్మ ఏదైనా ఉందా అని అడిగాను. ఆవిడ జాన్ వైట్ నీటిరంగుల చిత్రాలు చూపించారు. నా బోధన ఆ రోజు నుంచి మారింది.

మీరూ అక్కడే మొదలుపెట్టండి. 1585లో ఇంగ్లండ్ నుంచి ఈ తీరానికి వచ్చినవాళ్లలో వైట్ అనే చిత్రకారుడు ఉన్నాడు. అతను కళ్లారా చూసి వేసిన ఊళ్లు, మనుషులు, చేపలు, వంటలు ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, చిత్రాలు ఆన్‌లైన్‌లో చూడవచ్చు. సెకోటాన్ అనే ఊరి బొమ్మ తీసుకోండి. అందులో మొక్కజొన్న మూడు దశల్లో ఉంటుంది: ఒక మడిలో అప్పుడే మొలకెత్తింది, ఒక మడిలో పచ్చగా ఎదిగింది, ఇంకో మడిలో కంకి ముదిరింది. ఏ మడి ఏదో వైట్ తన చేత్తో రాశాడు కూడా. పిల్లలకు ఏమీ చెప్పకుండా బొమ్మ ఇచ్చి, "వీళ్లకు వ్యవసాయం తెలుసా? మీకెలా తెలిసింది?" అని అడగండి. ఏడాదిలో ఒకసారి కాకుండా విడతలు విడతలుగా పంట చేతికొచ్చేలా వేశారని ఎవరో ఒకరు పట్టుకుంటారు. మా తరగతిలో ఏటా పట్టుకున్నారు.

మర్నాడు దాని జోడీ బొమ్మ ఇవ్వండి. 1590లో థియోడోర్ డి బ్రై వైట్ చిత్రాలను రాగి రేకుల మీద చెక్కించి ఐరోపాలో అచ్చు వేశాడు. అతను అమెరికా ఎన్నడూ చూడలేదు. అతని సెకోటాన్‌లో పొద్దుతిరుగుడు పూలు, గుమ్మడికాయలు, పొగాకు మొక్కలు వచ్చి చేరాయి. మనుషుల ముఖాలూ నిలుచున్న తీరూ ఐరోపా శిల్పాల్లా అయ్యాయి. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి తేడాలు గీయించండి. ఆ తరువాత అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఎవరు మార్చారు, ఎందుకు మార్చి ఉంటారు? దీనికి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఉపాధ్యాయుల కోసం ఉంచిన మూడు గళ్ల కాగితం సరిపోతుంది. చూసినది ఒక గడిలో, దాని గురించి అనుకున్నది ఇంకో గడిలో, అడగాలనిపించినది మూడో గడిలో. మా పిల్లలకు మూడో గడి ఎప్పుడూ చాలేది కాదు, కాగితం వెనక రాసేవాళ్లు.

రోనోక్ వలస గురించి అందరూ "మాయమైపోయిన వలస" అని మొదలుపెడతారు. మీరు అలా మొదలుపెట్టవద్దని నా మనవి. 1587లో ఇంగ్లండ్ నుంచి దాదాపు 115 మంది ఆడా మగా పిల్లలూ రోనోక్ ద్వీపంలో దిగారు. మన చిత్రకారుడు వైటే వాళ్ల నాయకుడు. ఆ ఆగస్టు 18న వైట్ మనవరాలు వర్జీనియా డేర్ పుట్టింది. సరుకుల కోసం వైట్ ఇంగ్లండ్ వెళ్లాడు. స్పెయిన్‌తో యుద్ధం వల్ల 1590 ఆగస్టు దాకా తిరిగి రాలేకపోయాడు. వచ్చేసరికి మనుషులు లేరు. కోట గుంజ మీద "క్రొయటోన్" అని చెక్కి ఉంది, ఒక చెట్టు మీద అందులోని మొదటి మూడు అక్షరాలు. ఆపదలో వెళితే శిలువ గుర్తు చెక్కాలని ముందే అనుకున్నారు, ఆ గుర్తు లేదు. క్రొయటోన్ దగ్గర్లోని ఒక ద్వీపం పేరు, అక్కడి జనం పేరు కూడా. ఇదంతా వైట్ స్వయంగా రాసిపెట్టాడు. ఈ నాలుగు ఆధారాలను నాలుగు చీటీల మీద రాసి పిల్లలకు ఇచ్చి, వాళ్లు ఎక్కడికి వెళ్లి ఉంటారో వాదించుకోమనండి. దయ్యాల కథ కంటే ఇదే వాళ్లను ఎక్కువ పట్టి ఉంచుతుంది.

మూల పత్రాల విషయంలో రెండు చిక్కులు మీకు ఎదురవుతాయి, ముందే చెబుతాను. మొదటిది అక్షరం. 18వ శతాబ్దపు అచ్చులో ఇంగ్లిష్ "ఎస్" చాలాచోట్ల "ఎఫ్" లాగా పొడుగ్గా ఉంటుంది. మన తాతల పుస్తకాల్లో అరసున్న, బండి ర చూసి తడబడిన మనకు ఇది కొత్త కాదు. పిల్లలకు దీన్ని రహస్య లిపిలా పరిచయం చేయండి, పది నిమిషాల్లో నేర్చేసుకుంటారు. రెండోది తేదీ. 1752కు ముందు ఇంగ్లండ్‌లోనూ దాని వలసల్లోనూ చట్టం ప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఎనిమిది మంది ప్రభువులకు కరోలినాను రాసిచ్చిన రాజపత్రం తేదీ మనం 1663 మార్చి 24 అంటాం. ఆనాటి లెక్కలో అది ఇంకా 1662లో చివరి రోజే. ఒక చోట 1662, ఇంకో చోట 1663 కనబడితే ఎవరో తప్పు రాశారని అనుకోకండి. ఆ రాజపత్రం అసలు ప్రతి రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉంది.

విప్లవం దగ్గరికి వచ్చేసరికి బోస్టన్‌ను కాసేపు పక్కన పెట్టి ఈడెంటన్‌కు రండి. 1774 అక్టోబరు 25న ఆ ఊళ్లో 51 మంది స్త్రీలు ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. బ్రిటిష్ సరుకుల బహిష్కారానికి నార్త్ కరోలినా వలస ప్రతినిధులు చేసిన తీర్మానాలకు కట్టుబడి ఉంటామన్నది దాని సారం. ఆడవాళ్లు తమ పేర్లు పెట్టి రాజకీయ ప్రకటన చేయడం అప్పుడు ఎంత పెద్ద విషయమో, లండన్‌లో వేసిన వ్యంగ్య చిత్రం చూస్తే తెలుస్తుంది. 1775లో వచ్చిన ఆ చిత్రంలో స్త్రీలను వికారంగా గీశారు. బల్ల కింద ఎవరూ పట్టించుకోని పసిబిడ్డ ఉంటుంది. వెనక ఒక నల్లజాతి స్త్రీ నిలబడి ఉంటుంది. ఆమె సంతకం ఎవరూ అడగలేదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దొరుకుతుంది, తప్పకుండా చూపించండి. గేలి చేసినవాడు ఎందుకు గేలి చేశాడో పిల్లలు చెప్పగలిగితే బహిష్కారం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

మిగతావి వేగంగా చెబుతాను. వలస కాలపు ఉత్తరాలు, శాసనసభ రికార్డులు కావాలంటే నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం ఛాపెల్ హిల్‌లో నడిపే డాక్‌సౌత్‌లో కలోనియల్ అండ్ స్టేట్ రికార్డ్స్ మొత్తం పెట్టారు. పదాలతో వెతకవచ్చు. అదే విశ్వవిద్యాలయం వారి కరోలినా కె-12 పాఠ్య ప్రణాళికలు ఉచితం. గిల్డర్ లెర్మన్ సంస్థ పాఠశాల ఉపాధ్యాయులకు సభ్యత్వం ఉచితంగా ఇస్తుంది. నేషనల్ ఆర్కైవ్స్ వారి డాక్స్‌టీచ్ ఉంది. ఆదివాసుల విషయంలో స్మిత్సోనియన్ వారి నేటివ్ నాలెడ్జ్ 360 చూడకుండా పాఠం తయారు చేయవద్దు. ఇంకా పైతరగతులకు చెప్పవలసి వస్తే, ఒకే సంఘటనకు రెండు మూడు పరస్పర విరుద్ధ సాక్ష్యాలు ఇచ్చి తీర్పు చెప్పమనే పాఠాలు డిజిటల్ ఇంక్వైరీ గ్రూప్ దగ్గర ఉన్నాయి. ఇంతకుముందు స్టాన్‌ఫర్డ్ హిస్టరీ ఎడ్యుకేషన్ గ్రూప్ అనేవారు.

వీటన్నిటికంటే ముందు మనుషులు. మీ మీడియా కోఆర్డినేటర్‌ను ఈ శుక్రవారమే కలవండి. కౌంటీ గ్రంథాలయంలో స్థానిక చరిత్ర గది ఉందేమో అడగండి. ఈడెంటన్, బాత్, టౌన్ క్రీక్ వంటి రాష్ట్ర చారిత్రక స్థలాల్లో పాఠశాలల కోసమే పనిచేసే ఉద్యోగులు ఉంటారు. మన దగ్గర పెద్దవారిని ఇబ్బంది పెట్టకూడదని అడగడానికి జంకుతాం. ఇక్కడ అడగడమే పద్ధతి. అడిగిన టీచర్‌ను చిన్నచూపు చూసినవాళ్లు నాకు ఇరవై రెండేళ్లలో ఒక్కరూ తగలలేదు.

ప్రశ్న: మేం షార్లెట్‌లో ఉంటాం. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. 1775 మే 20న మెక్లెన్‌బర్గ్ కౌంటీ దేశంలో అందరికంటే ముందు స్వాతంత్ర్యం ప్రకటించిందని ప్రాజెక్టు రాస్తున్నాడు. అది నిజం కాదని ఒకచోట చదివాను. రాష్ట్ర జెండా మీద ఆ తేదీ ఉందని వాడు వాదిస్తున్నాడు. టీచర్‌కు చెప్పాలా, ఊరుకోవాలా?
— ఒక తండ్రి

జవాబు: మీ అబ్బాయి చెప్పినదీ నిజమే, మీరు చదివినదీ నిజమే. జెండా మీద రెండు తేదీలు ఉన్నాయి. 1776 ఏప్రిల్ 12 గురించి గొడవ లేదు. ఆ రోజు హాలిఫాక్స్‌లో సమావేశమైన ప్రతినిధులు స్వాతంత్ర్యానికి ఓటు వేయడానికి అన్ని వలసల ఉమ్మడి కాంగ్రెస్‌లోని తమ వారికి అధికారం ఇచ్చారు. 1775 మే 20 సంగతి వేరు. ఆ ప్రకటన అసలు పత్రం లేదు. 1800లో ఒక ఇంటికి నిప్పు అంటుకుని కాలిపోయిందన్నారు. దాని పాఠం మొదటిసారి పత్రికలో వచ్చింది 1819లో, జ్ఞాపకం మీద ఆధారపడి. అయితే అదే కౌంటీ 1775 మే 31న చేసిన తీర్మానాలు మాత్రం ఆ ఏడాదే పత్రికల్లో అచ్చయ్యాయి. అవి రాజాధికారాన్ని గట్టిగానే తిరస్కరించాయి, కాని స్వాతంత్ర్యాన్ని ప్రకటించలేదు. ఎక్కువమంది చరిత్రకారులు ఈ రెండో పత్రాన్నే నమ్ముతారు.

టీచర్‌కు మీరు చెప్పవద్దు. మీ అబ్బాయిని చెప్పనివ్వండి. ప్రాజెక్టు శీర్షికను ప్రశ్నగా మార్చుకోమనండి: మే 20 జెండా మీదికి ఎలా వచ్చింది? 1819 నాటి పాఠం ఒక పక్క, మే 31 తీర్మానాలు ఒక పక్క పెట్టుకుంటే వాడికి కావలసినదంతా దొరుకుతుంది. వృద్ధులైన సాక్షులు నలభై ఏళ్ల తరువాత చెప్పిన మాటను ఎంతవరకు నమ్మాలి, పత్రం లేనంత మాత్రాన అబద్ధమని కొట్టిపారేయవచ్చా అన్న ప్రశ్నలు వాడే వేసుకోవాలి. ఊరి మీద అభిమానంతో మే 20ని పట్టుకున్నవారిని కించపరచవద్దని మాత్రం చెప్పండి. షార్లెట్‌లో ఆ రోజును ఇష్టంగా జరుపుకునేవారు ఇప్పటికీ ఉన్నారు.

ప్రశ్న: మా పాప నాలుగో తరగతి. మొన్న వాళ్ల టీచర్ బానిసత్వం గురించి పాఠం చెప్పారట. పాప రాత్రి ఏడ్చింది. తొమ్మిదేళ్ల పిల్లకు ఇంత కఠినమైన విషయం అవసరమా?
— ఒక తల్లి, కేరీ

జవాబు: పాప ఏడ్చిందంటే విన్నదాన్ని మనసుకు తీసుకుంది. దగ్గర కూర్చోబెట్టుకోండి, ఏం విన్నదో చెప్పించుకోండి. అవసరమా అన్నారు కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: అవసరం. 1790లో తీసిన మొదటి జనాభా లెక్కల్లో ఈ రాష్ట్రంలో 3,93,751 మంది ఉంటే, అందులో 1,00,572 మంది బానిసలు. నలుగురిలో ఒకరి కథ వదిలేసి చెప్పినది రాష్ట్ర చరిత్ర కాదు. ఈ రాష్ట్రం వాళ్లను టార్ హీల్స్ అంటారు కదా, ఆ పేరు వెనక ఉన్న తారు పైన్ చెట్లను బట్టీల్లో కాల్చి తీసినది. ఆ పనిలో ఎక్కువ భాగం బానిసలుగా ఉంచిన మనుషులదే.

చెప్పే పద్ధతి ముఖ్యమని మాత్రం ఒప్పుకుంటాను. పిల్లలను బానిసలుగా, యజమానులుగా నటింపజేయడం తప్పు. ఎవరైనా అలాంటి ఆట పెడితే మీరు ప్రిన్సిపాల్‌ను కలిసి అభ్యంతరం చెప్పండి, వెనకాడవద్దు. నేను గ్రీన్స్‌బరోలోని రాష్ట్ర విశ్వవిద్యాలయం సేకరించిన పారిపోయినవారి ప్రకటనలు వాడేదాన్ని. 1750 నుంచి 1865 దాకా ఈ రాష్ట్రపు పత్రికల్లో యజమానులు వేయించినవి. నాలుగో తరగతికి అన్నీ పనికిరావు, దెబ్బల మచ్చలు వర్ణించేవి నేను పక్కన పెట్టేదాన్ని. ఒకటి రెండు జాగ్రత్తగా ఎంచుకుని, "యజమాని ఈ మనిషి గురించి తనకు తెలియకుండానే మనకు ఏమేం చెప్పేశాడు?" అని అడిగేదాన్ని. వడ్రంగం తెలుసు. రెండు భాషలు మాట్లాడతాడు. భార్య నది అవతలి తోటలో ఉంది, బహుశా అటే వెళ్లి ఉంటాడు. పట్టించడానికి వేయించిన కాగితంలోంచే పిల్లలు ఒక భర్తను, ఒక పనివాడిని, ధైర్యం ఉన్న ఒక మనిషిని బయటికి తీసేవాళ్లు. మీ పాపతో ఇంట్లో ఇలా ఒక్క ప్రకటన చదివి చూడండి. ఏడుపు దగ్గర ఆగిపోకుండా అతను ఏమయ్యాడో తెలుసుకోవాలన్న ఆరాటం మొదలవుతుంది.

ప్రశ్న: మీరు ఎప్పుడూ నార్త్ కరోలినా గురించే రాస్తారు. మేం కాలిఫోర్నియాలో ఉంటాం. మా పిల్లాడి స్నేహితుడి అన్న నాలుగో తరగతిలో చక్కెర ముక్కలతో మిషన్ (స్పెయిన్ ఫాదరీల పాత చర్చి ఆవరణ) నమూనా కట్టాడట. మా వాడూ కట్టాలా?
— ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్

జవాబు: కట్టనవసరం లేదు. ఆ రాష్ట్రం 2016లో తెచ్చిన మార్గదర్శక పత్రమే అలాంటి నమూనాలు వద్దంది. 1769 నుంచి 1823 వరకు స్పెయిన్ ఫాదరీలు నెలకొల్పిన 21 మిషన్లలో వేలమంది ఆదివాసులు బతికారు, పనిచేశారు, చనిపోయారు. గోడలు కడితే ఆ మనుషుల గురించి ఏమీ తెలియదు. దగ్గర్లోని మిషన్ శాన్ హోసేకు వెళ్లండి. అది ఓలోనీ ప్రజల నేల, వాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. వాళ్ల గురించి వాళ్లే ఏం చెబుతున్నారో చదివించండి. మీ వంటి ఉత్తరాలు వర్జీనియా, టెక్సస్ నుంచి కూడా వచ్చాయి. వర్జీనియా వారికి ఎన్‌సైక్లోపీడియా వర్జీనియా, రిచ్‌మండ్‌లోని లైబ్రరీ ఆఫ్ వర్జీనియా. టెక్సస్ వారికి పోర్టల్ టు టెక్సస్ హిస్టరీ, హ్యాండ్‌బుక్ ఆఫ్ టెక్సస్. అన్నీ ఉచితం.

ప్రశ్న: కూతురి దగ్గరికి వచ్చి ఆరు నెలలు ఉంటున్నాను. మనవరాలు, "తాతా, వీళ్ల చరిత్రలో మనవాళ్లు ఎక్కడైనా ఉన్నారా?" అని అడిగింది. 1965లో ఇక్కడి వలస చట్టం మారిన తరువాతే వచ్చామని చెప్పాను. అది నమ్మడానికి తనకు ఇష్టం లేదు. ఏమైనా చెప్పగలరా?
— ఒక తాతగారు, గ్రీన్స్‌బరో దగ్గర

జవాబు: తాతగారూ, మీ మనవరాలు నమ్మకపోవడమే మంచిదైంది. 1635లో వర్జీనియాలో భూమి పట్టా కోసం చూపిన పేర్లలో "టోనీ, ఈస్ట్ ఇండియన్" అని ఒకటి ఉంది. సముద్రం దాటించి తెచ్చిన ఒక్కొక్క మనిషికీ 50 ఎకరాలు ఇచ్చే పద్ధతి ఉండేది, అందుకని ఆ పేరు కాగితానికి ఎక్కింది. ఏ ఊరివాడో, అసలు పేరేమిటో తెలిసే దారి లేదు. ఆ ఒక్క వరుసే మిగిలింది.

ఇంకొకటి మనకు మరీ దగ్గర. యేల్ విశ్వవిద్యాలయానికి పేరు ఇచ్చిన ఎలీహూ యేల్ 1687 నుంచి 1692 వరకు మద్రాసు సెయింట్ జార్జి కోట గవర్నరు. కనెక్టికట్ వలసలోని ఒక చిన్న కాలేజీకి అతను 1718లో 417 పుస్తకాలు, రాజుగారి చిత్తరువు, తొమ్మిది మూటల సరుకు పంపాడు. మూటల్లో ఉన్నవి బట్టల తానులు, వాటిలో కాలికో, మస్లిన్ కూడా ఉన్నాయి. అమ్మితే 562 పౌండ్లు వచ్చాయి. కాలేజీకి అతని పేరు పెట్టారు. ఆ సంపద మన తీరపు వ్యాపారంలో కూడబెట్టినది. అదే మద్రాసు నుంచి బానిసలను ఓడలెక్కించిన వ్యాపారంలో అతని పాత్ర ఉందన్న సంగతీ పిల్లకు దాచకుండా చెప్పండి.

మీరు గ్రీన్స్‌బరో దగ్గరే ఉన్నారు కాబట్టి మూడోది మీ ఇంటి పక్కనే. ఆ ఊళ్లోని గిల్‌ఫర్డ్ కోర్ట్‌హౌస్ యుద్ధభూమి ఇప్పుడు జాతీయ పార్కు. విప్లవ యుద్ధంలో 1781 మార్చి 15న అక్కడ బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ గెలిచాడు, కాని సైన్యంలో దాదాపు నాలుగో వంతు పోగొట్టుకున్నాడు. అక్కడి నుంచి విల్మింగ్టన్, తరువాత వర్జీనియా వెళ్లి అక్టోబరు 19న యార్క్‌టౌన్ దగ్గర లొంగిపోయాడు. ఐదేళ్లకు, 1786లో, ఆ కార్న్‌వాలిసే గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. 1793లో బెంగాల్‌లో అతను తెచ్చిన శాశ్వత శిస్తు నిర్ణయమే 1802 నుంచి మన ఉత్తర సర్కారు జిల్లాలకు వచ్చి, జమీందారీలకు చట్టం పునాది వేసింది.

ఒక ఆదివారం పిల్లను తీసుకుని ఆ యుద్ధభూమికి వెళ్లండి. కార్న్‌వాలిస్ పేరున్న పలక దగ్గర ఆగి, జమీందారుకు శిస్తు కట్టిన రోజుల గురించి మీ నాన్నగారో తాతగారో చెప్పిన మాటలు ఏవైనా మీకు గుర్తుంటే చెప్పండి. పిల్ల చేత రాయించండి. కింద ఊరి పేరు, ఎవరు చెప్పారో వారి పేరు, మీరు ఎప్పుడు విన్నారో ఆ సంవత్సరం వేయించి, ఆ కాగితం వాళ్ల టీచర్‌కు ఇచ్చి రమ్మనండి.